వైద్యశాలను చక్కదిద్దు విద్య

కొండపల్లి చెంతనున్న మన ఇబ్రహీంపట్నము పేరే గల ఊరు మఱియొకటి తెలంగాణమున హైదరాబాదు సమీపమున కలదు. 2022వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన అచ్చటి ప్రభుత్వ వైద్యశాలలో ఒకే దినమున 34 మంది స్త్రీలకు సంతాన నిరోధ శస్త్రచికిత్స జరిగెను. కొలది దినములలో వారిలో నలుగురు మరణించిరి. వారు రోగులు కారు. ఆరోగ్యముతో వచ్చిన తల్లులు.

ఇట్టి ఘోరము జరిగినపుడు "తప్పెవరిది?" యని మొదట అడుగుదుము. అది న్యాయమైన ప్రశ్నయే. కాని యొకరిని తొలగించి వేఱొకరిని నియమించినంతనే పని పద్ధతి మాఱదు. "ఏ మెట్టు కడ పొరపాటు జరుగుచున్నది? దాని నెట్లు సరిచేయవలయును?" అను రెండవ ప్రశ్నయు అవసరము. దీనికి జవాబు వెదకు విద్యను నేడు వైద్యులును నర్సులును ప్రత్యేకముగా నేర్చుకొనుచున్నారు.

ఈ విద్య గృహిణికి క్రొత్తది కాదు. చలికాలమున పెరుగు తోడుకొనలేదనుకొనుడు. పాల వేడిని, తోడును ఒక్కమాఱే మార్చినచో, మఱునాడు పెరుగు గట్టిపడినను ఏది మేలు చేసెనో తెలియదు. నేర్పరియైన యిల్లాలు ఒక చిన్నగిన్నెలో వేడి నొక్కటే మార్చి చూచును, ఫలితమును గమనించును, బాగున్నచో నిలుపుకొనును, లేనిచో మఱియొకటి ప్రయత్నించును. వైద్యశాలలో జరుగవలసినదియు నింతే: ఆలోచించుట, కొద్దిగా చేసి చూచుట, లెక్కించుట, సవరించుకొనుట.

లెక్క యొక్క మహిమ చూడుడు. వియన్నా నగరమందలి ప్రసూతి వైద్యశాలలో రెండు విభాగము లుండెడివి. మంత్రసానులు పనిచేయు విభాగము కంటె వైద్యుల విభాగమున బాలింతలు ఎక్కువగా మరణించుచుండిరి. సెమ్మెల్వైసు అను వైద్యుడు రెంటిని పోల్చి చూచి, 1847లో వైద్యులందఱును సున్నపు క్లోరిను నీట చేతులు కడుగుకొనవలెనని నియమము చేసెను. 1846లో నూటికి పదునొకరు మరణింపగా, 1848లో నూటికి ఒకరు మాత్రమే మరణించిరి. మందు మాఱలేదు, వైద్యులు మాఱలేదు. మాఱినది చేతులు కడుగుట యొక్కటే!

2009లో ప్రకటింపబడిన పరిశోధనయు నిట్టిదే. ఢిల్లీతో కూడిన ఎనిమిది నగరముల వైద్యశాలలలో శస్త్రచికిత్సకు ముందును, వెనుకను ఒక పట్టికను బిగ్గరగా చదివి సరిచూచుకొనిరి. వేయింటికి పదునైదుగా నున్న మరణములు ఎనిమిదికి దిగెను.

మన రాష్ట్రమందును తెలంగాణమందును 'సేఫ్ కేర్ సేవింగ్ లైవ్స్' అను కార్యక్రమము ద్వారా నవజాత శిశువుల రక్షణకై ఈ విద్య నేర్పబడెను. దానివలన శిశుమరణములు స్పష్టముగా తగ్గినట్లు తరువాతి పరిశీలనలో కనబడలేదు. అయినను నిరాశ యేల? లెక్కించినందుననే ఆ సత్యము తెలిసినది. లెక్కింపనిచో మేలు జరిగెనని మురిసి యూరకుందుము. శిక్షణ యొక్కటే చాలదు. చాలినంత మంది నర్సులు, వ్రాసిపెట్టుకొను అలవాటు, చిన్న ఉద్యోగి మాటను పెద్ద అధికారి వినుట, ఇవియు కావలెను.

వైద్యశాలకు తోడుగా పోవువారము తఱచు మనమే. ముట్టుకొనుటకు ముందు చేతులు కడిగిరా, మందిచ్చుటకు ముందు రోగి పేరడిగిరా యని గమనింపుడు. లేనిచో వినయముతో నడుగుడు. అడుగుట తగవు కాదు. వైద్యుని కది సాయమే. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట కంటె, ముందే యొక మాట యడుగుట మేలు కదా!