మా నాన్నగారి వంతెన

మిలిటరీ మనిషి అనగానే గుబురు మీసాలూ, కంచుకంఠమూ గుర్తుకు వస్తాయి. మా నాన్నగారికి ఆ రెండూ లేవు. సన్నగా ఉండేవారు, మెత్తగా మాట్లాడేవారు. బెంగుళూరులో కేంద్రం ఉన్న మద్రాసు సాపర్సు దళంలో పనిచేశారాయన. సేన కదలాలంటే బాటలు వేసి, వంతెనలు కట్టి, మందుపాతరలు ఏరి దారి చూపేవారే సాపర్లు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీదా, కాకినాడమీదా బాంబులు వేసినప్పుడు నేనింకా అమ్మ కడుపులో ఉన్నాను. నాన్నగారు అప్పటికి మూడు నెలల కిందటే సైన్యంలో చేరారు. అమ్మ కాకినాడ వదిలి కోనసీమలో అమ్మమ్మగారింటికి చేరింది. నెలనెలా మనియార్డరు వచ్చేది. ఉత్తరాలూ వచ్చేవి. కాని ఎక్కడున్నదీ రాయకూడదు. రాస్తే సెన్సారువారు కొట్టివేసేవారు. "క్షేమం" అన్న ఒక్క మాటనే అమ్మ పదిసార్లు చదువుకునేదట.

1946లో ఆయన తిరిగివచ్చారు. గుమ్మంలో ఇనప్పెట్టె దింపి చేతులు చాచిన ఖాకీబట్టలాయన్ని చూసి, అమ్మ వెనక దాక్కుని "ఈయనెవరే?" అన్నానట. అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. "దాని తప్పేముంది? నేనే ఆలస్యంగా వచ్చాను" అన్నారు నాన్నగారు. అమ్మను చూసి ఆర్నెల్లపాటు నేనూ ఆయన్ని "ఏమండీ" అనే పిలిచాను. చుట్టాలు పడీపడీ నవ్వేవారు. ఆయన మాత్రం "ఏమ్మా?" అని పలికేవారు.

మా బడి కాలువ కవతల ఉండేది. దాటడానికి ఒక్క తాటిదుంగ. వానాకాలం వస్తే తల్లులు పిల్లల్ని పంపేవారు కారు. నాన్నగారు మరో రెండు దుంగలు తెప్పించి, పక్కన చేర్చి, కొబ్బరితాళ్లతో బిగించి, చేత్తో పట్టుకోవడానికి వెదురుగడ కట్టారు. నాలుగోనాడు నా చెయ్యి పట్టుకుని ముందు నడిచారు. సగం దూరం వెళ్లాక కింద నీళ్లు చూసి హడలిపోయాను. "నాన్నా!" అని కేక పెట్టాను.

ఆయన ఆగిపోయారు. వెనక్కి తిరగలేదు; నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నారు. ఇంటికి రాగానే అమ్మతో, "పిలిచిందే!" అన్నారట.

యుద్ధం కబుర్లు చెప్పమంటే, "నాతో వెళ్లినవాళ్లందరూ తిరిగి రాలేదమ్మా" అని ఊరుకునేవారు. 1981లో ఆయన పోయాక ఆ ఇనప్పెట్టెలో ఒక ఫోటో దొరికింది. వెనక ఆయన దస్తూరీతో "కలేవా, 1944" అని ఉంది. బర్మాలో కలేవా దగ్గర చింద్విన్ నదిమీద ఆ డిసెంబరులో కట్టిన బెయిలీ వంతెన పొడుగు 1,154 అడుగులు. అప్పటికి ప్రపంచంలోని బెయిలీ వంతెనల్లోకెల్లా అదే పొడవైనది. ఆ పనిలో తానూ ఉన్నానని ఇంట్లో ఒక్కనాడూ చెప్పలేదు.

కాలువమీద సిమెంటు వంతెన వచ్చేదాకా, ఏటా తొలకరికి ముందు పాత తాళ్లు విప్పి కొత్తవి కట్టేవారు. ఇంకో ఏడాది ఆగుతాయిలెండి అంటే వినేవారు కారు. "పిల్లలు నడిచే దారి" అనేవారు.