తాతగారి కాగితాల్లో పిస్టల్ పర్మిట్

అమెరికాలో ఇంటి పెద్ద కన్నుమూశాక అటక మీది అట్టపెట్టెలు సర్దడానికి కూర్చున్న పిల్లలకు దొరికే కాగితాలు ఎక్కడైనా కొంచెం అటూ ఇటుగా ఒకటే. ఇంటి దస్తావేజు, సైన్యం నుంచి విడుదలైన పత్రం, కారు కొన్న రసీదు, ఆసుపత్రి బిల్లులు. నార్త్ కరోలినాలో వాటి మధ్య ఒక్కోసారి ఇంకొకటి తగులుతుంది. అదొక చిన్న అచ్చు ఫారం. పైన కౌంటీ పేరు, కింద అధికారి సంతకం. ఫలానా టౌన్‌షిప్‌లో ఉంటున్న ఫలానా మనిషి మంచి నడవడిక గలవాడని నాకు నమ్మకం కలిగింది, ఒక పిస్టల్ కొనుక్కోవడానికి అనుమతిస్తున్నాను అని దాని సారాంశం. తాతగారి చేతిలో ఎన్నడూ తుపాకీ చూడని మనవళ్లకు అది ఆశ్చర్యమే.

ఆ కాగితం వెనక నూరేళ్ల కథ ఉంది. 1919లో నార్త్ కరోలినా శాసనసభ ఒక చట్టం చేసింది. పిస్టల్ కొనాలన్నా, ఎవరైనా ఉచితంగా ఇస్తే పుచ్చుకోవాలన్నా ముందు తన కౌంటీలో అనుమతి తీసుకోవాలి. బాకులు, బౌయీ కత్తులు, పిడికిలికి తొడుక్కునే ఇనుప నకిల్స్ కూడా ఆ జాబితాలో చేరాయి. కేటలాగు చూసి తుపాకీ తపాలాలో తెప్పించుకునే రోజులవి. అందుకే చట్టం దుకాణదారు దగ్గర ఆగలేదు. తపాలా గుమాస్తా, పల్లెలకు ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్, రైల్వే ఉద్యోగి, వీళ్లలో ఎవరి చేతి నుంచి పిస్టల్ అందుకున్నా ముందు పర్మిట్ చూపించాల్సిందేనని రాసింది. పిస్టళ్లను తపాలాలో పంపకుండా దేశవ్యాప్తంగా కేంద్ర చట్టం వచ్చింది 1927లో. ఆ తర్వాత కూడా ప్రైవేటు పార్సిల్ కంపెనీల ద్వారా తెప్పించుకునే దారి తెరిచే ఉంది. 1963లో కెనడీని చంపిన ఆస్వాల్డ్ తన రైఫిల్, రివాల్వర్ రెండింటినీ మారుపేరుతో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నవాడే. ఆ దారి మూసుకున్నది 1968 కేంద్ర చట్టంతో.

పాత ఫారాన్ని వెలుగులో పెట్టి నిదానంగా చదివితే చాలా సంగతులు బయటపడతాయి. మొదట చూడాల్సింది సంతకం. తొలి దశాబ్దాల్లో ఈ అనుమతి ఇచ్చింది పోలీసులు కాదు, కౌంటీలోని సుపీరియర్ కోర్టు క్లర్కు. ఆ బాధ్యత షెరీఫ్‌కు మారింది 1950ల చివర్లో. కాబట్టి తేదీ చెరిగిపోయినా, కింద క్లర్కు సంతకం ఉంటే ఆ కాగితం సాధారణంగా అంతకు ముందుదని అంచనా వేయవచ్చు. పాత నమూనాలో ఇంకో ముచ్చట ఉంది. ‘ఒక పిస్టల్’ అన్న మాట ముందే అచ్చయి ఉంటుంది. అడిగింది వేరే ఆయుధమైతే పిస్టల్ అన్న మాట కొట్టేయమని పక్కనే సూచన. ఆత్మరక్షణకో ఇంటి రక్షణకో ఆయుధం అవసరమని క్లర్కుకు నమ్మకం కలిగినట్టు కూడా అందులోనే ఉంటుంది.

లేనిది కూడా గమనించాలి. కొనబోయే పిస్టల్ ఏ కంపెనీదో, దాని నంబరెంతో ఆ కాగితం మీద ఉండదు. అది తుపాకీకి ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాదు, మనిషికి ఇచ్చిన యోగ్యతాపత్రం. మిషిగన్ పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ 1927 చట్టం కింద పిస్టల్ కొన్నవాళ్లు దాన్ని స్థానిక పోలీసుల దగ్గరికి తీసుకెళ్లి తనిఖీ చేయించుకోవాలి. ఆ తనిఖీ పత్రం మీద తుపాకీ వివరాలన్నీ ఉండేవి. కొత్త చట్టంతో ఆ తనిఖీ ఆగిపోయింది 2009లో. మిషిగన్ కుటుంబాల పాత కాగితాల్లో దొరికే పత్రం తాతగారి దగ్గర ఏ తుపాకీ ఉండేదో చెబుతుంది. నార్త్ కరోలినా పర్మిట్ ఆ మాట చెప్పదు.

మరి పర్మిట్ దొరికిందంటే ఆయన పిస్టల్ కొన్నట్టేనా? చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఒక పర్మిట్‌కు ఒకే పిస్టల్. కొనేటప్పుడు అది అమ్మినవాళ్ల చేతికి వెళ్లేది, వాళ్లు దాన్ని తమ రికార్డుగా దాచుకునేవారు. అందువల్ల ఆయన పేరుతో ఉన్న పర్మిట్ ఆయన పెట్టెలోనే దొరికితే బహుశా వాడలేదనే అనుకోవాలి. అనుమతి తెచ్చుకుని తర్వాత మనసు మార్చుకుని ఉండవచ్చు. ఇంకొకరి పేరుతో ఉన్న పర్మిట్ దొరికితే మాత్రం కథ తిరగబడుతుంది. ఆ పేరు గలవాళ్లకు ఈయనే పిస్టల్ అమ్మి ఉంటారు. ఆ ఒక్క పేరు పట్టుకుని పాత పొరుగువాళ్లనో, ఫ్యాక్టరీలో కలిసి పనిచేసినవాళ్లనో గుర్తుపట్టే అవకాశం ఉంది.

ఇంటి కాగితానికి జోడీగా ప్రభుత్వం దగ్గర కూడా ఒక పుస్తకం ఉండేది. ఎవరెవరికి పర్మిట్లు ఇచ్చారో పేరు, తేదీ, వయసు, ఇప్పటి నివాసం, అంతకు ముందు ఉన్న చోటుతో సహా అందులో రాయాలని చట్టం ఆదేశించింది. వంశవృక్షాలు వెతికేవాళ్లకు ఆ చివరి గడి బంగారం. జనాభా లెక్కలు పదేళ్లకోసారి వస్తాయి. రెండు లెక్కల మధ్య కుటుంబం ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో ఇలాంటి పుస్తకాలే పట్టిస్తాయి.

ఇంతకీ ఆ ఫారంలో అసలు బరువంతా ‘మంచి నడవడిక’ అన్న మాట మీదే ఉంది. ఎవరి నడవడిక మంచిదో తేల్చేది ఎవరు? క్లర్కయినా షెరీఫ్ అయినా ఎన్నికల్లో గెలిచి వచ్చినవాళ్లు. 1898లో ఇదే రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో సాయుధ శ్వేతజాతి మూక నల్లవాళ్లను చంపి, ఎన్నికైన నగర ప్రభుత్వాన్ని కూలదోసింది. 1900లో తెచ్చిన రాజ్యాంగ సవరణ అక్షరాస్యత పరీక్ష, తలపన్ను పేరుతో నల్లవాళ్ల ఓటును దాదాపు తుడిచిపెట్టింది. అలాంటి ఎన్నికల్లో గెలిచిన క్లర్కు ముందు నిలబడి, తన నడవడిక మంచిదని ఒప్పించుకోవాల్సిన నల్లజాతి రైతు పరిస్థితి ఊహించండి. చట్టంలో జాతి పేరెక్కడా లేదు. ఉండాల్సిన అవసరమూ లేకపోయింది.

దక్షిణాదిలోని ఇతర రాష్ట్రాల్లోనూ అదే కథ. 1956 జనవరి 30న అలబామాలోని మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. భార్య, పసిబిడ్డ లోపలే ఉన్నారు. ఆత్మరక్షణకు తుపాకీ వెంట ఉంచుకోవడానికి ఆయన పెట్టుకున్న దరఖాస్తును స్థానిక అధికారులు తోసిపుచ్చారు. అది కొనుగోలు పర్మిట్ కాదు, వెంట తీసుకెళ్లే పర్మిట్. నిర్ణయం మాత్రం అక్కడా స్థానిక అధికారి ఇష్టమే. ఇది పాతకాలంతో పోయిన సంగతని కూడా అనలేం. నార్త్ కరోలినా లా రివ్యూలో 2021లో వచ్చిన ఒక వ్యాసం రాలీ నగరం ఉన్న వేక్ కౌంటీ లెక్కలు పరిశీలించింది. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి దరఖాస్తుదారులకు తిరస్కరణ సుమారు మూడు రెట్లు ఎక్కువని అందులో తేలింది.

అలాగని పర్మిట్ వల్ల మేలు లేదనుకుంటే పొరపాటు. మిస్సోరీలోనూ 1921 నుంచి ఇలాంటి చట్టమే ఉండేది. దాన్ని రద్దు చేసింది 2007లో. తర్వాత జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు లెక్కలు తీస్తే, 2008 నుంచి 2012 వరకు ఆ రాష్ట్రంలో ఏటా 55 నుంచి 63 హత్యలు అదనంగా జరిగినట్టు కనిపించింది. 1995లో పర్మిట్ పద్ధతి తెచ్చిన కనెక్టికట్‌లో తుపాకీ హత్యలు మొదటి పదేళ్లలో దాదాపు 40 శాతం తగ్గాయని అదే విశ్వవిద్యాలయం మరో అధ్యయనంలో అంచనా వేసింది. కోపంలో ఉన్న మనిషి ఆఫీసుకు వెళ్లి, ఫారం నింపి, నేరచరిత్ర తనిఖీ అయ్యేదాకా ఆగాల్సి రావడమే కొన్ని ప్రాణాలు కాపాడుతుంది. తప్పు తనిఖీలో లేదు. కొలత లేని ‘మంచి నడవడిక’ను ఒక మనిషి ఇష్టానికి వదిలేయడంలో ఉంది.

నార్త్ కరోలినా రెండింటినీ ఒకేసారి వదిలేసింది. గవర్నర్ రాయ్ కూపర్ వీటో చేసినా లెక్కచేయకుండా శాసనసభ 2023 మార్చి 29న పర్మిట్ చట్టాన్ని రద్దు చేసింది. లైసెన్సు ఉన్న దుకాణంలో కొంటే కేంద్ర చట్టం ప్రకారం తనిఖీ ఇప్పటికీ ఉంది. ఒక మనిషి ఇంకో మనిషికి నేరుగా అమ్ముకునే చోట మాత్రం ఐదు డాలర్ల ఆ పర్మిట్టే తనిఖీగా ఉండేది. అది ఇప్పుడు లేదు. క్యారీ, మోరిస్‌విల్, షార్లెట్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ మార్పు తెలుసుకుని ఉండటం మంచిది. పాత ఇల్లు కొన్నప్పుడు అటక మీద అలాంటి ఫారం దొరికితే దానితో ఇప్పుడు ఏ పనీ జరగదు, చరిత్రగా మాత్రం దానికి విలువ ఉంది.

భారతదేశంలో మన ఇళ్లలో దొరికేది వేరే రకం కాగితం. పాత భూస్వాముల ఇళ్లలో, మాజీ సైనికుల ఇళ్లలో తాతల నాటి తుపాకీ లైసెన్సు పుస్తకాలు ఇంకా ఉంటాయి. వాటిలో ఆయుధం రకం, నంబరు, తూటాల పరిమితి, రెన్యువల్ ముద్రలు అన్నీ ఉంటాయి. జిల్లాల్లో ఇచ్చేది కలెక్టరు, హైదరాబాద్‌లో పోలీసు కమిషనరు. లైసెన్సు తాతగారితోనే ముగుస్తుంది, తుపాకీతో పాటు వారసత్వంగా రాదు. అలాంటి తుపాకీ ఇంట్లో ఉంటే ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలని 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఉంచుకోవాలనుకునే వారసులు తమ పేరుతో వేరుగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

అక్కడైనా ఇక్కడైనా ఆ కాగితాన్ని మాత్రం చించేయకండి. రెండు వైపులా ఫొటో తీయండి, ఎవరి పెట్టెలో ఏ కాగితాల మధ్య దొరికిందో రాసి పెట్టండి, బంధువుల్లో పెద్దవాళ్లు బతికుండగానే దాని గురించి అడగండి. ఇంట్లో ఉంచుకోలేకపోతే నార్త్ కరోలినాలో కౌంటీ గ్రంథాలయాన్నో, రాలీలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌నో సంప్రదించండి. పెట్టెలో కాగితంతో పాటు తుపాకీ కూడా కనిపిస్తే చేయి వేయకండి. పిల్లల్ని గదిలోంచి పంపేసి, ముందు పోలీసులకు ఫోన్ చేయండి.