పాత పడవ కాలు – మన చేతి మరమ్మతు



వ్యవసాయ శాఖవాడికి పడవతో పనేమిటని మీలో కొందరికి తోచవచ్చును. మన పెద్దపల్లి జిల్లాలో గోదావరి ఇప్పుడు వట్టి ఏరు కాదు. ఎల్లంపల్లి వద్ద శ్రీపాదసాగరం నిండితే 20 టి.ఎం.సి.లకు పైగా నీరు నిలుస్తుంది. దాని ఒడ్డున పగలు నాగలి పట్టిన చెయ్యే తెల్లవారుజామున వల పడుతున్నది. అందుచేత ట్రాక్టరు, పంపుసెట్టు గురించి చెప్పుకున్నట్లే ఈ రోజు పడవ ఇంజను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన దగ్గర తెప్పలూ, తెడ్డు పడవలే ఎక్కువ. అయినా అక్కడక్కడ సంఘాలవారు చేతులు మారిన పాత మోటారు పడవలు కొంటున్నారు. వాటిలో ఒక రకానికి ఇంజను పడవ లోపల, అమరం దగ్గర ఉంటుంది. పంకా మాత్రం బయట, నీళ్ళలోకి దిగిన ఒక కాలుకు ఉంటుంది. దీన్ని స్టెర్న్‌డ్రైవ్ అంటారు. స్వీడను దేశపు వోల్వో పెంటా కంపెనీ 1959లో దీన్ని అమ్మకానికి తెచ్చింది. తరువాత అమెరికాలో మెర్‌క్రూజరు అనే పేరుతో కూడా వచ్చినది. మనం దీన్ని ‘కాలు’ అనే పిలుచుకుందాం.

ఈ కాలును చూచి భయపడనక్కర లేదు. ట్రాక్టరు వెనుక రోటవేటరును తిప్పే క్రాసు జాయింటు మీకు తెలుసు గదా! ఇందులోనూ అదే ఉన్నది. ఇంజను శక్తి ఆ జాయింటు గుండా అమరం దాటి కాలులోకి వచ్చి, పైగేర్ల మీదుగా నిలువు కడ్డీలోకి, కింది గేర్ల మీదుగా పంకాకు చేరుతుంది. గేర్లు నూనెలో తిరుగుతాయి. ఇవన్నీ నీటిలో మునిగి ఉండి కూడా లోపల తడి తగలకూడదు. ఆ తడిని ఆపేది నాలుగు రబ్బరు ముక్కలే. పాత పడవలో ఇనుము కంటె ముందు అలిసిపోయేది ఈ రబ్బరే. ఈ రోజు నేను చెప్పదలచిన అసలు మాట ఇదే.

ఆ మధ్య వానలకు ముందు ఒక సంఘంవారు తమ పాత పడవ చూడమన్నారు. “ఇంజను మంచిగనే కొడుతున్నది గద సారూ, మల్ల కాలెందుకు ఇప్పుడు?” అన్నాడు అందులో పెద్దాయన. కింది మర ఒక్కటి వదులు చేయించినాను. కారిన నూనె పాలు కలిపిన చాయలాగున్నది. పంకా ఊడదీస్తే దాని వెనుక నైలాను వలదారం ఉండ కట్టి, సీలును కోసి, లోపలికి దారి చేసి ఉన్నది. “గింత దారం గింత పని జేసిందా!” అని ఆ పెద్దాయన నోరు తెరిచినాడు. అవును, ఇంకొన్నాళ్ళు నడిపితే గేర్లే పోయేవి. సీలు ఖర్చు ఒక పూట చేపలు. గేర్ల ఖర్చుతో ఇంకో పాత పడవ రావచ్చు.

ఇక చేయవలసిన పనులు వరుసగా చెబుతాను. ముందుగా బ్యాటరీ తీగ ఊడదీయండి. పంకా దగ్గర చెయ్యి ఉన్నప్పుడు ఇంజను తిరగరాదు. పెట్రోలు ఇంజనైతే ఇంజను గది మూత తీసి, ఆవిరి పోయేదాకా గాలి ఆడనిచ్చి, అప్పుడే పని మొదలుపెట్టండి. బీడీ దగ్గరికి రానీయకండి.

మొదటిది, నూనె. ఏటా ఒకసారి, లేదా 100 గంటల నడకకు ఒకసారి మార్చవలెను. కాలును నిలువుగా దించి కింది మర, పై మర రెండూ తీయండి. నూనె తెల్లబారితే నీరు చేరినట్లే. మరకు అయస్కాంతం ఉంటే దాని మీద సన్నని ఇనుప నూగు మామూలే, పెళ్ళలు కనబడితే గేరు విరుగుతున్నదని అర్థం. కొత్త నూనె చేతిపంపుతో కింది రంధ్రం నుండే ఎక్కించండి. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుతుంది. పై రంధ్రం నుండి నూనె బుడగలు లేకుండా వచ్చిన తరువాత ముందు పై మర బిగించి, ఆ వెనుక పంపు తీసి కింది మర వెంటనే బిగించండి. మరల వాషర్లు కొత్తవి వేయండి. పాత నూనెను డబ్బాలో పట్టుకోండి, ఏట్లో పోయకండి. ఈ నీరే హైదరాబాదువారు తాగుతున్నారు.

రెండవది, పంకా వెనుక దారం. వలల మధ్య నడిచే పడవకు ఇదే మొదటి శత్రువు. నెలకొకసారి పంకా ఊడదీసి చూడండి. కడ్డీకి గ్రీజు రాసి బిగించితే మళ్ళీ సులువుగా ఊడుతుంది. తెగిన వలముక్కలు నీళ్ళలో వదలకపోవడం అన్నిటికంటె చవక మరమ్మతు.

మూడవది, తిత్తి. క్రాసు జాయింటును కప్పి, కొలిమి తిత్తిలాగ ముడతలున్న రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. కాలును పక్కలకు తిప్పి, పైకెత్తి, ముడతల లోతులో వేలు పెట్టి చూడండి. పగులు కనిపిస్తే అతుకు వేయకండి, మార్చండి. తిత్తి చినిగితే నీరు జాయింటునూ, దాని వెనుకనున్న బేరింగునూ తింటుంది. అక్కడి నుండి పడవలోకి కూడా వస్తుంది. ఒడ్డున కట్టిన పడవ తెల్లవారేసరికి మునగడానికి ఇంతకంటె ఎక్కువ అక్కర లేదు. చుక్కాని తిప్పినప్పుడు అమరంలో గురగుర శబ్దం వస్తే బేరింగు పోతున్నదని గుర్తు. పడవను గట్టు మీద పెట్టినన్నాళ్ళు కాలును దించే ఉంచండి. ఎత్తి ఉంచితే తిత్తి ముడతలు అలాగే బిగిసి పగుళ్ళు విడుస్తాయి.

నాలుగవది, చల్లనీటి పంపు. ఇందులో రబ్బరు రెక్కల చక్రం ఒకటి తిరుగుతూ ఇంజనుకు ఏటి నీరు అందిస్తుంది. కొన్నింటిలో ఇది కాలులో, కొన్నింటిలో ఇంజను మీద ఉంటుంది. వరద నీటి ఇసుక దీన్ని అరగదీస్తుంది. నీళ్ళు లేకుండా కొన్ని క్షణాలు తిప్పినా రెక్కలు మాడిపోతాయి. గట్టు మీద ఇంజను పరీక్షించాలంటే నీరు తీసుకునే రంధ్రాలకు నల్లా గొట్టం తగిలించి తీరవలెను. రెక్క విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడున్నదో వెతికి తీయండి. లేకుంటే అది నీటి దారిలో అడ్డుపడి, కొత్త చక్రం వేసినా ఇంజను వేడెక్కుతుంది.

అయిదవది, యానోడు. కాలు అల్యూమినియంతో చేసినది. తుప్పు దాన్ని తినకుండా తాను ముందుగా కరిగిపోవడానికి ఒక లోహపు ముక్క బిగించి ఉంటుంది. సముద్రపు నీటికి జింకు సరిపోతుంది గాని మన గోదావరి మంచినీటికి మెగ్నీషియం ముక్క మేలు. సగం కరిగితే మార్చండి. దాని మీద రంగు వేయకండి, వేస్తే అది ఉన్నా లేనట్లే.

ఇవన్నీ మన చేతి పనులే. గోదావరిఖనిలో గని పంపులు విప్పి బిగించిన ఫిట్టర్లు తోడుంటే మరీ మంచిది. కాని కాలును పూర్తిగా ఊడదీసి కొత్త బేరింగు వేసినప్పుడు, ఇంజను కడ్డీ సూటిగా ఉన్నదో లేదో చూడడానికి ప్రత్యేకమైన కొలత కడ్డీ కావాలి. అది లేకుండా అంచనాతో బిగించవద్దు. సూటి తప్పితే పళ్ళు అరిగి, ఇంజను తిరుగుతున్నా పంకా కదలదు. గేర్ల మధ్య సందు కొలవడం కూడా తెలిసినవారికే వదలండి.

ఇంత శ్రద్ధ ఎందుకంటారా? 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగినదాని కంటె ఎక్కువ వరద వచ్చినది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కడెం నీరు గోదావరిలో కలిసి మన ఎల్లంపల్లికే వస్తుంది. గేట్లు ఎత్తిన రోజున పడవ దించనే కూడదు. అయితే నీరు ఎప్పుడు లాగుతుందో ముందుగా తెలియని రోజు కూడా ఉంటుంది. ఆ రోజు నడి నీళ్ళలో పంకా ఆగితే పడవ గేట్ల వైపే పోతుంది. అప్పుడు నట్టు తిప్పే తీరిక ఉండదు. అందుకే మరమ్మతు గట్టు మీద, ఎండాకాలంలో కావలెను. పడవలో మాత్రం రెండు తెడ్లు, లంగరు, పొడవాటి మోకు, ఎందరున్నారో అన్ని ప్రాణరక్షక జాకెట్లు ఎప్పుడూ ఉండవలెను. జాకెట్టు ఒంటి మీద ఉండాలి గాని బల్ల కింద కాదు.

మృగశిర కార్తె దగ్గరికి రాకముందే ఒక పూట తీరిక చేసుకొని కింది మర ఒక్కటి వదులు చేసి చూడండి. నూనె రంగే మీ పడవ ఆరోగ్యం చెబుతుంది.