సర్వర్ భాషలో అసింక్రనస్ ప్రక్రియల రూపకల్పన: ఉప్పల్ టికెట్ల విక్రయం ఉదాహరణగా

వ్యాససంగ్రహం:
ఒక పని ఫలితం కోసం ఎదురుచూస్తూనే తక్కిన పనులను కొనసాగించే విధానాన్ని అసింక్రనస్ విధానం అంటారు. ఇందులో వేగం కన్నా ముఖ్యమైనది ఏ పని వాయిదాకు ఒదుగుతుందో, ఏది ఒదగదో ముందే నిర్ణయించుకోవడం. ఈ విషయాన్ని పీహెచ్‌పీ భాష ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పీహెచ్‌పీ, అసింక్రనస్, క్యూ, ఫైబర్, టికెట్ విక్రయం.

1. ఉపోద్ఘాతం:
2022 సెప్టెంబర్ 25న ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో భారత్, ఆస్ట్రేలియా జట్ల మధ్య టీ20 మ్యాచ్ జరిగింది. దానికి మూడు రోజుల ముందు సికింద్రాబాద్ జింఖానా మైదానంలో టికెట్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. అమ్మకమంతా ఆన్‌లైన్‌కు మారినా రద్దీ పోదు. అది సర్వర్ ముందుకు చేరుతుంది. సొమ్ము పోయి సీటు దక్కకపోవడం, ఒకే సీటు ఇద్దరికి దక్కడం అక్కడ ఎదురయ్యే ప్రమాదాలు. అటువంటి విక్రయం కోసం ఒక సర్వర్‌ను ఊహించి పరిశీలిద్దాం.

2. నిరీక్షణ ఖరీదు:
1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీలో సాధారణంగా ఒక అభ్యర్థనను ఒక ప్రాసెస్ మొదటి నుంచి చివరి వరకు నిర్వహిస్తుంది. సర్వర్‌లో 50 ప్రాసెస్‌లు ఉన్నాయనీ, బ్యాంకు జవాబుకు 2 సెకన్లు పడుతుందనీ అనుకుందాం. అప్పుడు సెకనుకు 25 అభ్యర్థనలే పూర్తవుతాయి. ఒక్కసారిగా 1000 మంది వస్తే చివరివారికి 40 సెకన్లు పడుతుంది. ఆ 2 సెకన్లలో ప్రాసెస్ దాదాపు ఏ పనీ చేయదు, ఊరకే ఎదురుచూస్తుంది.

ఉప్పల్ పొరుగున ఉన్న నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న యంత్రశాలను ఊహించుకుంటే ఈ లోపం సులభంగా బోధపడుతుంది. కొలిమిలో ఇనుప ముక్కను పెట్టిన కార్మికుడు అది కాలేవరకు దాని ముందే నిలబడడు. ఈలోగా మరో ముక్కకు నునుపు పెడతాడు. కొలిమి వేగం పెరగలేదు, మనిషి సమయం వృథా కాలేదు. అసింక్రనస్ విధానం సారం ఇదే.

3. పనుల విభజన:
టికెట్ విక్రయంలోని పనులను మూడుగా విభజించవచ్చు.

అ) సీటు కేటాయింపు: ఇది వాయిదాకు ఒదగదు. ఒకే సీటును ఇద్దరు కోరినప్పుడు ఒకరికే దక్కేలా డేటాబేస్ లావాదేవీలో అప్పటికప్పుడే తేల్చాలి. పరిమిత కాలానికి, ఉదాహరణకు 10 నిమిషాలకు, సీటును నిలిపి ఉంచాలి.

ఆ) చెల్లింపు: దీని ఫలితం మరో సంస్థ నుంచి వస్తుంది. కొనుగోలుదారుకు "చెల్లింపు నిర్ధారణలో ఉంది" అని తెలిపి ప్రాసెస్‌ను విడుదల చేయాలి.

ఇ) ఎస్‌ఎంఎస్, ఈమెయిల్: వీటిని క్యూలో చేర్చి, వేరే ప్రాసెస్‌ల ద్వారా తీరికగా పంపవచ్చు.

మొదటి పనికి 0.05 సెకను చాలితే అవే 50 ప్రాసెస్‌లు సెకనుకు 1000 మందికి జవాబివ్వగలవు. అయితే క్యూ పనిని తగ్గించదు, వాయిదా వేస్తుంది. వచ్చే పని ఎప్పుడూ పూర్తయ్యే పనికన్నా ఎక్కువగా ఉంటే క్యూ పెరుగుతూనే ఉంటుంది. అందుచేత దాని పొడవుకు హద్దు నిర్ణయించాలి.

4. భాషలోని సాధనాలు:
2009లో వచ్చిన నోడ్.జేఎస్ ఈవెంట్ లూప్‌ను పునాదిగా చేసుకుంది. పీహెచ్‌పీలో 2021 నవంబర్‌లో విడుదలైన 8.1 వెర్షన్ ఫైబర్లను చేర్చింది. ఫైబర్ ఒక పనిని నడుమ ఆపి, తరువాత అక్కడి నుంచే కొనసాగిస్తుంది. అయితే ఎప్పుడు కొనసాగించాలో అది తానుగా నిర్ణయించదు. అందుకు రియాక్ట్‌పీహెచ్‌పీ, ఆంప్ వంటి లైబ్రరీలలోని ఈవెంట్ లూప్ అవసరం. ఫైబర్ లోపల సాధారణ స్లీప్ ఫంక్షన్‌ను పిలిస్తే ఆ ప్రాసెస్‌లోని ఫైబర్లన్నీ ఆగిపోతాయి.

5. వైఫల్యాల నిర్వహణ:
జవాబు రాకపోవడం, పని విఫలం కావడం ఒకటి కావు. గడువు ముగిసినా బ్యాంకులో సొమ్ము కోత పడి ఉండవచ్చు. అందువల్ల ప్రతి చెల్లింపుకు ఒక ప్రత్యేక సంఖ్యను ఇచ్చి, అదే సంఖ్యతో మళ్లీ ప్రయత్నించినా ఒక్కసారే సొమ్ము తీసుకునేలా ఉభయ పక్షాలు చూడాలి. సీటు గడువు తీరిన తరువాత చెల్లింపు సమాచారం వస్తే, సొమ్ము వాపసు దానంతటదే ఆరంభం కావాలి. సీటు వివరం, దాని తరువాతి పని రెండూ ఒకే లావాదేవీలో నమోదు కావాలి. లేకుంటే నడుమ సర్వర్ ఆగినప్పుడు ఒకటి మిగిలి రెండోది పోతుంది.

6. ముగింపు:
• అసింక్రనస్ విధానం పనిని తగ్గించదు. నిరీక్షణ వల్ల కలిగే వృథాను తగ్గిస్తుంది.
• వాయిదాకు ఒదగని పనిని గుర్తించడమే రూపకల్పనలో తొలిమెట్టు.
• వాయిదా వేసిన ప్రతి పనికీ గడువు, పునఃప్రయత్నం, విఫలమైతే తీసుకోవలసిన చర్య ముందే నిర్ణయమై ఉండాలి.

కొనుగోలుదారుకు సర్వర్ లోపలి నిర్మాణం కనిపించదు. సొమ్ము చెల్లించినవారికి సీటు గానీ, సొమ్ము గానీ తప్పక చేరినప్పుడే ఆ రూపకల్పన సఫలమైనట్లు భావించవచ్చు.