మీకు తెలుసా? నువ్వుగింజలో ఓ మహాభూమి!

పాతకాలపు భూగోళ పండితులు ప్రపంచాన్ని 7 మండలాలుగా విభజించారు. అంతేగా అనుకుంటున్నారా? ఇంకోటి ఉంది! ఇరాన్‌లో పుట్టిన సూఫీ తత్త్వవేత్త షిహాబుద్దీన్ సుహ్రవర్దీ 12వ శతాబ్దంలోనే 8వ మండలం ఉందన్నారు! అక్కడ ఊళ్లున్నాయి, రూపాలున్నాయి. వేలు పెట్టి చూపిద్దామంటే మాత్రం ఏ దిక్కునా దొరకదు! సూఫీలు దాన్ని ‘ఆలమె మిసాల్’ అంటారు. లోపలి కంటికి మాత్రమే కనిపించే లోకం అది!

ఆ లోకంలో రెండు మహానగరాలున్నాయట. జాబల్కా, జాబర్సా. ఒక్కో నగరానికి ఎన్ని ద్వారాలో చెప్పుకోండి చూద్దాం... 1,000! అసలు వింత ఇంకా చెప్పనేలేదు. అక్కడివాళ్లకు తొలి మనిషి ఆదం పుట్టిన సంగతే తెలియదట! మనిషి అనేవాడు ఒకడున్నాడని కూడా వినని జనం!

ఇంత లోకాన్ని చూపించిన సుహ్రవర్దీకి 40 ఏళ్లు కూడా నిండలేదు. అలెప్పోలో ఆయనకు మరణశిక్ష వేశారు. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది!

ఇప్పుడు కాస్త దగ్గరికి రండి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది! స్పెయిన్‌లో పుట్టిన ఇబ్న్ అరబీ ‘ఫుతూహాత్’ అనే మహాగ్రంథం రాశారు. మొత్తం 560 అధ్యాయాలు! అందులో ఒకచోట ఇలా చెబుతారు. దేవుడు ఆదమును చేశాక కొంచెం మట్టి మిగిలింది. దానితో ఖర్జూర చెట్టును చేశాడు. అయినా ఇంకా మిగిలింది. ఎంత? నువ్వుగింజంత! ఆ కాస్త మట్టిలోనే ఓ మహాభూమిని పరిచాడట! ఎంత పెద్దదంటారా? మన భూమి, ఆకాశాలు, స్వర్గం, నరకం అన్నీ తెచ్చి అందులో పడేస్తే, ఎడారిలో జారిపోయిన ఉంగరమంత! అక్కడ ఓచోట నేలంతా బంగారం, ఇంకోచోట వెండి, మరోచోట కర్పూరం! పండు కోస్తే ఆ చోటనే వెంటనే ఇంకో పండు! రాళ్లకూ ప్రాణం ఉంది, అవీ మాట్లాడతాయి! అక్కడికి వెళ్లే జ్ఞానులు తమ ఒంటిని ఇక్కడే వదిలి వెళ్లాలట!

సరే, దేవుడి దగ్గరికి దారిలో మజిలీలెన్ని? 10వ శతాబ్దపు సూఫీ సర్రాజ్ లెక్క ప్రకారం 7! పశ్చాత్తాపంతో మొదలై సంతృప్తితో ముగుస్తాయి. ఇవన్నీ సాధనతో దాటాల్సినవి. ‘హాల్’ అనే స్థితి మాత్రం మన చేతిలో లేదు! ప్రేమ, భయం, తపన... అది దేవుడు పంపితే వస్తుంది. ఉండమంటే ఉండదు!

హెరాత్‌లోని అన్సారీ గారికి 7 చాలలేదు. ఆయన లెక్కలో మజిలీలు 100!

రంగులు చూసి ఆత్మ ఎంత దూరం వచ్చిందో చెప్పొచ్చంటే నమ్ముతారా? ఇరాన్‌లోని సిమ్నాన్ పట్టణపు అలాఉద్దౌలా అదే చెప్పారు! ధ్యానంలో కనిపించే వెలుగులు 7. ఒక్కో వెలుగూ మనలోపలే ఉన్న ఒక్కో ప్రవక్తది! మసక నలుపు మనలోని ఆదం. నీలం మనలోని నూహ్. తెలుపు మూసా. చిట్టచివరిది పచ్చని కాంతి, అది ముహమ్మద్ ప్రవక్తది!

రూజ్‌బిహాన్ బక్లీ అనే సూఫీ ఒకప్పుడు కూరగాయలమ్మే కుర్రాడు. వయసు 15. ఓ రోజు ఉన్నట్టుండి ఏదో పూనినట్టు లేచాడు! గల్లాపెట్టెను, సరుకును వీధిలోకి విసిరేసి ఎడారిలోకి పరుగు తీశాడు! పెద్దయ్యాక తన దర్శనాలన్నీ పుస్తకంగా రాశారు. వాటిలో దేవుడు ఎర్ర గులాబీల మధ్య కనిపిస్తాడు!

బస్రాకు చెందిన రాబియా కథ ఇంకో రకం. ఒక చేతిలో కాగడా, ఇంకో చేతిలో నీళ్లు. ఎక్కడికమ్మా? స్వర్గాన్ని కాల్చడానికి, నరకాన్ని ఆర్పడానికి! ఆశా భయమూ లేకుండా దేవుణ్ణి ప్రేమించాలంటే ఆ 2 అడ్డులూ పోవాలంది ఆవిడ! నా మట్టుకు ఇంత ధైర్యమైన మాట ఇంకెక్కడా వినలేదు.

ఒక పాట మనిషి ప్రాణం తీసుకుపోగలదా? ఢిల్లీలో తీసుకుపోయింది! ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ ‘సమా’ అనే సూఫీ పాటల సభలో కూర్చున్నారు. ఒక పారశీక పద్యం చెవిన పడింది. అంతే, ఒళ్లు తెలియలేదు! ఇంటికి తెచ్చాక కూడా మళ్లీ అదే పద్యం పాడించుకున్నారు. 4 పగళ్లు, 4 రాత్రులు అదే తన్మయత్వం! నమాజు వేళకు మాత్రం తెలివి వచ్చేది. నమాజు కాగానే మళ్లీ ఆ పద్యంలోకే! ఆ తర్వాత ప్రాణం వదిలారు. ఆయన దర్గా మెహ్రోలీలో ఇప్పటికీ ఉంది, కుతుబ్ మినార్‌కు దగ్గర్లోనే!

పక్షులు రాజును వెతకబోయిన కథ తెలుసా? నిషాపూర్ కవి అత్తార్ రాశారు. వేల పక్షులు ఎగిరాయి. ఏడు లోయలు దాటి చేరినవి 30! తీరా చూస్తే రాజు స్థానంలో కనిపించింది ఎవరో తెలుసా? ఆ పక్షులే!

మౌలానా రూమీ పోయింది 1273 డిసెంబరు 17న. టర్కీలోని కోన్యాలో ఏటా ఆ రోజును ‘పెళ్లిరాత్రి’ అంటారు! ఆత్మ తన ప్రియుణ్ణి కలిసిన రాత్రి అని! మన కడప పెద్ద దర్గాలో జరిగే ఉర్సు వెనక ఉన్నదీ ఈ పెళ్లి భావనే! ఈసారి ఉర్సుకు వెళితే పెళ్లివారింటికి వెళ్లినట్టే వెళ్లండి!