కోపమునకు మూలమెక్కడ?

సంక్రాంతి పందెములలో పుంజు పౌరుషము నెరిగినవారికి ఈ ప్రయోగము సులభముగా బోధపడును. 1849లో జర్మనీయందలి గోటింగెన్‌లో బెర్టోల్డ్ అను శాస్త్రజ్ఞుడు ఆరు పుంజుపిల్లల వృషణములను తొలగించి, నాల్గింటి ఉదరమున ఒక్కొక్క వృషణమును మరల నాటెను. ఆ నాలుగును పెరిగి కూసినవి, కయ్యమునకు దిగినవి. తక్కిన రెండును మందకొడిగా మిగిలినవి. నరముల సంబంధము తెగినను పౌరుషము నిలిచినందున, దానిని మోయునది రక్తమేయని ఆయన నిర్ణయించెను. ఆ ద్రవ్యమే నేడు మనము టెస్టోస్టిరోన్ అను హార్మోను.

ఇక కోపిష్ఠులందరు నెపమును గ్రంథులపై నెట్టవచ్చునా? తొందరపడరాదు. జ్యూరిచ్‌లో హెస్ పండితుడు, మెదడు అడుగుననున్న హైపోథాలమస్‌ను సన్నని తీగద్వారా విద్యుత్తుతో తాకగా, శాంతముగానున్న పిల్లి బుసకొట్టి పంజా విసరెను. మెదడుపై చేసిన ఇట్టి పరిశోధనలకే 1949లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

మనుష్యులయందు హార్మోను పాలు చూచి కోపమును లెక్కగట్ట వీలులేదు. నుదుటి వెనుకనున్న మెదడు భాగము ఉద్రేకమును అదుపుచేయుచుండును. మద్యము ఆ అదుపును సడలించును.