ఇనుము ఎక్కువైనా ముప్పే



“పిల్ల పాలిపోయింది, రక్తం పట్టడానికి ఏదైనా టానిక్కు పట్టించకూడదూ?” ఈ మాట అననివాళ్ళు మనలో ఎంతమంది? నేనూ అన్నాను. అనడమే కాదు, మందుల షాపులో ఒక సీసా, నాలుగు ‘సి’ విటమిన్ మాత్రల అట్టలూ కొని మా చెల్లెలింటికి పట్టుకెళ్ళాను. దాని కూతురికి తలసేమియా. పసితనం నుంచీ మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. పది రోజులు వాడాక సంగతి తెలిసి డాక్టరమ్మగారు, “ఎంత పని చేశారండీ! ఈ పిల్లకు ఇనుము చాలక కాదు బాధ, ఎక్కువై!” అన్నారు. నా గుండె ఝల్లుమంది.

ఆవిడ విడమరిచి చెప్పినది మీకూ చెబుతాను. పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం ఇనుము 3, 4 గ్రాములే. రోజుకు 1, 2 మిల్లీగ్రాములు పోతుంది, తిండి ద్వారా అంతే వస్తుంది. ఎక్కువైన దాన్ని బయటికి నెట్టే దారి శరీరానికి లేదు. ఒక సంచీ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి చేరుతుంది. ఏళ్ళ తరబడి అది కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. పిల్లలు సరిగా ఎదగరు, ఈడేరడం ఆలస్యమవుతుంది, చక్కెర వ్యాధి రావచ్చు, గుండె దెబ్బతినవచ్చు. అందుకే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తూ, ఇనుమును బయటికి లాగే డెఫెరాసిరాక్స్ వంటి మందులు ఇస్తారు. ఆ మందు మానకూడదు. భోజనంతో టీ తాగితే ఇనుము కాస్త తక్కువ పడుతుంది గాని, అది మందుకు బదులు కాదు.

మరి ‘సి’ విటమిన్ ఏం చేసింది అంటారా? తిండిలోని ఇనుమును అది ఒంటికి బాగా పట్టిస్తుంది. ఇనుము లోపించినవారికి మేలు చేసే ఆ గుణమే, పేరుకున్నవారికి కీడు. పెద్ద మోతాదు మాత్రలైతే లోపల నిలవున్న ఇనుమును కదిలించి గుండెకు హాని చేయవచ్చు. డెస్ఫెరాక్సమిన్ ఇంజక్షను తీసుకునే కొందరికి డాక్టర్లే కొద్దిగా ‘సి’ ఇస్తారు. అది వారి లెక్క, మన లెక్క కాదు. అలాగని పప్పులో నిమ్మకాయ పిండుకోవడానికీ, ఒక జామపండు తినడానికీ భయపడనక్కరలేదు.

బలానికని విటమిన్లు కొనేముందు అట్ట మీద ‘ఐరన్’, ‘ఫెర్రస్’ అన్న మాటలున్నాయేమో చూడండి. ఫోలిక్ ఆమ్లం వాడమన్నారా, ఇనుము కలవనిదే అడగండి. చాలా మాత్రల్లో రెండూ కలిపే ఉంటాయి.

ఇది విని గర్భిణులు మాత్రం తమకిచ్చిన ఇనుము మాత్రలు మానేయకండి! రక్తహీనత ఉన్నవారికి అవి కావలసిందే. పాలిపోయిన ప్రతి ముఖానికీ ఒకే మందు కాదన్నదే నా మాట. ముందు పరీక్ష, ఆ తరువాతే సీసా.

మా పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను వెళ్ళినప్పుడల్లా, “పెద్దమ్మా, సంచీలో ఏం తెచ్చావు?” అని నవ్వుతుంది. పువ్వులే తీసుకెళుతున్నాను.